మా మిలిటరీ తాత

తొరపాడిలో మా వీధికి వచ్చి మా తాత పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. ‘మిలిటరీ తాత ఇల్లు’ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చేయి పట్టుకుని తీసుకొస్తారు. ఆయన పోయి రెండేళ్ళు దాటినా ఆ పేరు పోలేదు. గ్యాసు సిలిండర్ వేసే అన్న ఇప్పటికీ బిల్లు వెనక పెన్సిలుతో ‘మిలిటరీ’ అని రాసుకుంటాడు.

తాత అంటే మా అమ్మకు నాయన. సొంత ఊరు గుడియాత్తం పక్కన ఒక పల్లె. 1949లో పుట్టినాడు, 1967లో సైన్యంలో చేరినాడు, 1991లో హవల్దారుగా రిటైరైనాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు గుడియాత్తంలోనే ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా ఉన్నాడు. 2009లో నేను పుట్టినాక, పాపను చూసుకోవాలని అవ్వను తీసుకుని తొరపాడికి మా ఇంటికి వచ్చేసినాడు. మా నాన్న రాణిపేటలో తోలు ఫ్యాక్టరీకి పోతాడు, అమ్మ ఇంట్లో టైలరింగు చేస్తుంది. కాబట్టి నన్ను పెంచింది తాతే అని చెప్పాలి. తొరపాడి అంటే అందరికీ సెంట్రల్ జైలే గుర్తొస్తుంది కదా. తాత పొద్దున నడకకు ఆ వైపే పోయేవాడు. “ఇరవైనాలుగేండ్లు మిలిటరీలో ఉండి, కడాకు జైలు పక్కకు వచ్చి పడితిని” అని నవ్వేవాడు.

మా వైపు మిలిటరీ మనిషి ఉండటం పెద్ద వింత కాదు. కణియంబాడి దగ్గర కమ్మవాన్‌పేట అని ఒక ఊరుంది. అక్కడ తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలో చేరుతూ వచ్చినారు. అందుకని దాన్ని మిలిటరీ పేట అనే పిలుస్తారు. ఎందుకు ఇంతమంది అంటే, మా పాలారులో ఇసుక కనిపించినన్ని రోజులు నీళ్ళు కనిపించవు. సెలక్షన్‌కు పరుగెత్తడానికి కాళ్ళుంటే చాలు, నెల జీతం వస్తుంది. చిన్నప్పుడు నేను స్కూల్లో స్వాతంత్ర్య దినోత్సవానికి మాట్లాడాలని తాతను అడిగినాను, “దేశం కోసం చేరినావా తాతా?” అని. ఆయన కొంచెంసేపు ఆలోచించి, “మొదట బువ్వ కోసమే చేరింది. దేశం అంటే ఏమో తర్వాత తెలిసింది” అన్నాడు. మైకులో చెప్పడానికి అది పనికిరాదని అప్పుడు వేరే ఏదో చెప్పినాను. ఇప్పుడు చూస్తే ఆ మాటే నాకు నచ్చుతుంది.

ఆయన చేరింది మద్రాసు ఇంజనీర్ గ్రూపులో. మద్రాసు సాపర్లు అంటారు. 1780లో మద్రాసులో రెండు పయొనీర్ కంపెనీలుగా మొదలైన దళం అది. ఇప్పుడు కేంద్రం బెంగుళూరులో అలసూరు చెరువు దగ్గర ఉంది. తుపాకి పట్టుకోవడంతో పాటు వంతెనలు కట్టడం, దారులు వేయడం, శత్రువు పాతిన మందుపాతరలు తీయడం వీళ్ళ పని. తమిళులు, తెలుగువాళ్ళు, కన్నడిగులు, మలయాళీలు అందరూ ఉంటారు కానీ అందరినీ సైన్యంలో ‘తంబి’ అనే అంటారు. మా తాత తెలుగు తంబి. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే హిందీ. నన్ను ‘రంగరూట్’ అని పిలిచేవాడు. అంటే కొత్తగా చేరిన సిపాయి.

రంగరూట్ బతుకు సులభం కాదు. నాలుగున్నరకు తాత లేస్తాడు. అయిదున్నరకు నా దుప్పటి లాగేస్తాడు. లేచిన వెంటనే దుప్పటి నాలుగు మూలలూ కలిసేటట్టు మడత పెట్టాలి. స్కూలు బూట్లకు పాలిష్ నేనే వేయాలి, ఆయన ముఖం దాంట్లో కనిపించాలి. తర్వాత నా తల. అమ్మ పొద్దున కుట్టు మిషన్ దగ్గర కూర్చుంటే లేవదు కాబట్టి జడలు వేసేది తాతే. సాపర్లకు తాళ్ళతో రకరకాల ముళ్ళు వేయడం నేర్పిస్తారు. వంతెన కట్టేటప్పుడు కొయ్యలను కలిపి బిగించే కట్లు అవి. నా జడ కూడా వంతెనే ఆయనకు. సాయంత్రం ఆటల పీరియడ్ అయినా ఒక్క వెంట్రుక లేచేది కాదు. కళ్ళు మాత్రం పైకి లాగినట్టు ఉండేవి. క్లాసులో ఆడపిల్లలు “మీ అమ్మ గట్టిగా వేస్తాదే” అంటే, “మా తాత” అని చెప్పేదాన్ని. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

ఇది చూసి అమ్మ ఒకసారి మిషన్ తొక్కడం ఆపేసి అన్న మాట నాకు బాగా గుర్తుంది. “నా తల ఒక్క దినం దువ్వినాడా మీ తాత? దీనికి రెండు జడలు!” నవ్వుతూనే అంది. తాత నవ్వలేదు. రిబ్బను పళ్ళ మధ్య పెట్టుకుని ఉన్నాడు కాబట్టి మాట్లాడలేదని నేననుకున్నాను.

అమ్మకు తెలిసిన నాయన వేరే. ఏడాదికి రెండు నెలలు లీవులో వచ్చే మనిషి. అమ్మ 1982లో పుట్టింది. తాత ఆమెను మొదటిసారి చూసింది ఏడో నెలలో. ఆయన ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు, ‘కేరాఫ్ 56 ఏపీవో’ అని ఉంటుంది. అది సైన్యం పోస్టాఫీసు నంబరు. పటాలం ఎక్కడుందో బయటివాళ్ళకు తెలియకూడదని అందరికీ అలాంటి అడ్రసే. అమ్మేమో 56 ఏపీవో అనేది బెంగుళూరు అవతల ఒక ఊరు అనుకుంది. పెద్దయినాక ఆ ఊరికి బస్సెక్కి పోవాలని డబ్బాలో చిల్లర దాచిపెట్టిందంట.

మూడేళ్ళప్పుడు తాత లీవుకు వచ్చి గుమ్మంలో పెట్టె దించితే, అమ్మ అవ్వ కొంగు వెనక దాక్కుని “మిలిటరీ మామ వచ్చినాడు” అని అరిచిందంట. ఇంటికి వచ్చిన మగవాళ్ళందరినీ మామ అని పిలవమని నేర్పించినారు మరి. చుట్టాలందరూ ఈ కథ చెప్పుకుని నవ్వుతారు. మా పెద్ద మామయ్య పెళ్ళిలో కూడా చెప్పినారు. అమ్మ కూడా నవ్వుతుంది. కానీ ఆమెకు లోపల ఒక లెక్క ఉంది. స్కూలు వార్షికోత్సవాలు, టైఫాయిడ్ వచ్చిన నెల, పెద్దమనిషి అయినప్పుడు ఆయన వాచ్‌మన్ డ్యూటీలో రాత్రంతా ఫ్యాక్టరీలో ఉండటం, ఇవన్నీ ఆ లెక్కలో ఉన్నాయి. ఆమె గట్టిగా ఎప్పుడూ అనలేదు. నాకు జడ వేస్తుంటే చూసే చూపులో తెలిసేది.

నెలకొకసారి తాతతో నేను మాజీ సైనికుల క్యాంటీన్‌కు పోయేదాన్ని. సబ్బులు, బిస్కెట్లు, అవ్వకు కొబ్బరినూనె. ఆయన తాగడు, అయినా రమ్ము కోటా విడిచిపెట్టడు. ఆ వారం మాత్రం మా చిన్న మామయ్యకు అక్క మీద ప్రేమ పుట్టుకొచ్చి గుడియాత్తం నుంచి తప్పకుండా వస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు మక్కాన్ కూడలిలో సిపాయిల స్మారక స్తంభం దగ్గర తాత తప్పకుండా ఒక నిమిషం నిలబడేవాడు. 1806 జూలై 10న తెల్లవారకముందే వేలూరు కోటలో సిపాయిలు తిరగబడినారు. గడ్డాలు తీయాలి, బొట్టు పెట్టకూడదు, తోలు బిళ్ళ ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలి అని పై నుంచి ఆజ్ఞ వచ్చింది. దాంతో మొదలైంది. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి అదే రోజు అణిచేసినాడు. వందల మంది సిపాయిలు చనిపోయినారు. 1857 కంటే యాభై ఏళ్ళు ముందు జరిగిన సంగతి ఇది. తాతకు చరిత్ర కంటే ఆ టోపీ సంగతి ముఖ్యం. “తలమీద ఏం పెట్టుకోవాలో చెప్పొచ్చు. కానీ చెప్పే తీరు ఒకటి ఉండాల” అనేవాడు. మా తెలుగు టీచరు ఇంకో సంగతి చెప్పారు. ఆ కాలంలో ఉత్తరాదిలో కంపెనీ సిపాయిలందరినీ ‘తిలంగాలు’ అని పిలిచేవాళ్ళంట, మొదట్లో తెలుగు ప్రాంతాల నుంచి చేర్చుకున్నారు కాబట్టి. బీహారు వాడైనా, అవధ్ వాడైనా తిలంగానే. నేను ఇంటికి వచ్చి చెబితే తాత పొంగిపోయినాడు. “చూస్తివా! వాళ్ళను మన పేరుతో పిలిస్తే, మమ్మల్ని అరవం పేరుతో తంబి అని పిలిచిరి. చెల్లుకు చెల్లు.”

యుద్ధం గురించి మాత్రం చెప్పేవాడు కాదు. అడిగితే “చలికి చచ్చిపోతిమి” అని చలి గురించే చెప్పేవాడు. ఒక్కసారి చెప్పినాడు, 2019లో. గుడియాత్తం గంగమ్మ శిరసు పండుగ మే నెల నడుమ వస్తుంది. అమ్మవారి శిరసును తరణంపేట నుంచి ఊరేగింపుగా గోపాలపురం గుడికి తెచ్చి, అక్కడ శరీరానికి అమరుస్తారు. గుడి కౌండిన్య నది ఒడ్డునే. ఆ రోజు ఊరంతా తల మీద తల. సర్వీసులో ఉన్నప్పుడు తాత లీవు ఆ పండుగకు దొరికేటట్టు ఆరు నెలలు ముందు నుంచే అడిగేవాడంట. ఆ ఏడు మేమందరం పోయినాము. జనం తగ్గినాక నది ఇసుకలో కూర్చుని పులిహోర తింటా ఉంటే, అవ్వ చెవి తడుముకుని లేచి నిలబడింది. ఒక కమ్మ లేదు. పెళ్ళినాటి కమ్మ.

అందరూ ఒకేసారి ఇసుక కెలకబోతే తాత “ఎవరూ కదలొద్దు!” అని అరిచినాడు. ఆ గొంతు మేము ఎప్పుడూ వినలేదు. పూలమ్మే ఆమె దగ్గర దారపు ఉండ కొన్నాడు. వేపపుల్లలు గుచ్చి, దారం కట్టి, ఇసుకను అడుగు వెడల్పు బాటలుగా విభజించినాడు. మమ్మల్ని, మామయ్యల పిల్లల్ని బోర్లా పడుకోబెట్టినాడు. “వేళ్ళు నిలువుగా గుచ్చకూడదు. వాలుగా పోనీ. తగిలితే లాగొద్దు, నిలుపు, నన్ను పిలువు. ఒక బాట అయినాకనే ఇంకో బాట.” మూడో బాటలో మా మామయ్య కొడుక్కి దొరికింది. అందరం కేకలు పెట్టినాము. తాత మాత్రం ఆ తెల్ల దారాల వైపు చూస్తా కూర్చున్నాడు. అమ్మ అడిగింది, “ఇది ఎక్కడ నేర్చుకున్నావు నాయనా?”

అప్పుడు చెప్పినాడు. 1971 డిసెంబర్, షకర్‌గఢ్ వైపు. బసంతర్ అని రావి నదిలో కలిసే చిన్న నది. దాని అవతల పాకిస్తాన్ వాళ్ళు లోతుగా మందుపాతరలు పాతిపెట్టినారు. 15వ తేదీ రాత్రి పదాతి దళం నది దాటి నిలబడింది. కానీ ట్యాంకులు పోకపోతే తెల్లవారేసరికి వాళ్ళు మిగలరు. ట్యాంకులు పోవాలంటే సాపర్లు దోవ తీయాలి. బోర్లా పాకుతూ, ముందున్న నేలను ఇనుప పుల్లతో వాలుగా గుచ్చి చూస్తారు. మందుపాతర మీద నుంచి నొక్కితేనే పేలుతుంది, పక్క నుంచి పుల్ల తగిలితే పేలదు. అందుకే వాలుగా. తీసినంత మేర రెండు పక్కలా తెల్ల నాడా పరుస్తారు, చీకట్లో ట్యాంకు దాని మధ్యనే రావాలి. ఫిరంగి గుండ్లు పడుతూనే ఉన్నాయి. దోవ పూర్తి కాకముందే ట్యాంకులు వచ్చేసినాయి, ఆగే టైము లేదు. ఆ ట్యాంకుల్లో పూనా హార్స్ దళానికి చెందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ఉన్నాడు. మరుసటి రోజు ట్యాంకు కాలుతున్నా దిగకుండా పోరాడి చనిపోయినాడు. ఇరవై ఒక్క ఏళ్ళు. పరమవీర చక్ర ఇచ్చినారు. “నాకంటే ఒక ఏడు చిన్నోడు” అన్నాడు తాత. “నాకు ముందర విజయనగరం పిల్లోడు పాకుతా ఉండె. నాడా ఉండ వాని దగ్గిర ఉండె. కొంచెం సేపటికి నాడా ఆగిపోయె. నేను పోయి ఆ ఉండ తీసుకుంటిని.”

అంతే. తర్వాత దారాలన్నీ చుట్టి ఉండ చేసి జేబులో పెట్టుకున్నాడు. అమ్మ ఆ రాత్రి గుడియాత్తంలో ఆయనకు ఇష్టమని వేడిగా రాగి సంగటి చేసింది. వాళ్ళిద్దరి మధ్య మాటలు నాకు కనబడలేదు, సంగటి కనబడింది.

2022 ఆషాఢంలో తాత నిద్రలోనే పోయినాడు. పెన్షన్ సంఘం పెద్దవాళ్ళు పదిమంది టోపీలు పెట్టుకుని వచ్చి సెల్యూట్ చేసినారు. అందులో ఒకాయన రెండు కర్రల మీద వచ్చి, సెల్యూట్ కొట్టడానికి ఒక కర్ర నా చేతికి ఇచ్చినాడు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. తాత పెన్షన్ ఆగిపోయి, అవ్వకు కుటుంబ పెన్షన్ రావాలి. కాగితాలన్నీ తాత ఒక ఫైల్లో వరసగా పెట్టి ఉన్నాడు. తీసుకుపోయి ఇస్తే, ఒక ఆఫీసులో కూర్చున్న మనిషి పైకీ కిందికీ చూసి, “ఆధారులో ఉన్న పేరు వేరే, సైన్యం రికార్డులో భార్య పేరు వేరే. ఈమె ఎవరు?” అన్నాడు. ఊరుకోలేదు. “మిలిటరీలో ఉన్నవాళ్ళకు రెండో సంసారాలు ఉంటాయి. నిజం చెప్పండి” అని గట్టిగానే అన్నాడు, క్యూలో ఉన్నవాళ్ళు వినేటట్టు. నేను పక్కనే ఉన్నాను. అవ్వ ఆ పేరు విని తల దించుకుని, “అది నేనే” అంది. ఎట్లా అంటే చెప్పదు. “నేనే అంటున్నా కదా.” ఇంకో మాట లేదు.

ఆ పేరు మేమెవరం వినలేదు. అమ్మ వినలేదు, మామయ్యలు వినలేదు. ఊళ్ళో చుట్టాలు గుసగుసలు మొదలుపెట్టినారు. ఇరవైనాలుగేళ్ళు బయట ఉన్న మనిషి, ఎవరికి తెలుసు అని. అమ్మ ఏమీ అనలేదు. కానీ గోడకున్న తాత ఫోటోకు రోజూ పువ్వు పెట్టే ఆమె, కొన్ని రోజులు ఆ పని నాకు చెప్పింది.

పోస్టాఫీసు పాసుపుస్తకం కోసం తాత నల్ల పెట్టె తెరిచినాము. మూత మీద తెల్ల రంగుతో ఆయన నంబరు, పేరు ఇంకా ఉన్నాయి. పాసుపుస్తకం లేదు. అడుగున ఉత్తరాలు ఉన్నాయి, పసుపుతాడుతో కట్టినవి. నీలం ఇన్లాండ్ కవర్లు, 1974 నుంచి 1991 వరకు. పెళ్ళయినప్పటి నుంచి రిటైరయ్యేదాకా అవ్వకు రాసినవి. అన్నీ తెలుగులో.

అవ్వకు చదువు లేదు. అమ్మ, మామయ్యలు గుడియాత్తంలో తమిళ మీడియంలో చదివినారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేను ఒక్కదాన్నే. నన్ను ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు నాన్న ఇంగ్లీషు మీడియం అన్నాడు. తాత వినలేదు. “ఈ ఇంట్లో ఒకరికన్నా తెలుగు చదవను రావాల” అని రెండు రోజులు అన్నం తినకుండా సాధించినాడు. ఇప్పుడు మా తరగతిలో పద్నాలుగు మందిమి. తెలుగు చదివి ఏం చేస్తావని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ రాత్రి నేను చేసిన పని ఇది.

అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుంది. అమ్మ మిషన్ దగ్గరే ఉంది. నేను మొదటి ఉత్తరం తీసినాను. “ఇక్కడ నేను క్షేమం. అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను. బావిలో నీళ్ళు ఎంత ఉన్నవి. ఎర్ర ఆవు ఈనినదా.” నేను సగం చదవగానే మిగతా సగం అవ్వ కళ్ళు మూసుకుని చెప్పేస్తా ఉంది. యాభై ఏళ్ళ నాటి ఉత్తరం! అప్పట్లో వాళ్ళ వీధిలో రిటైరైన అయ్యవారు ఒకాయన ఉండేవాడంట. తాతకు అయిదో తరగతి వరకు తెలుగు నేర్పించింది ఆయనే. ఉత్తరం వస్తే అవ్వ ఆయన అరుగు మీదకు పోవాలి. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివేవాడు, జవాబు కూడా ఆయనే రాసేవాడు. అవ్వ విన్నదంతా మనసులో పెట్టుకుని, వంట చేస్తా మళ్ళీ మళ్ళీ చెప్పుకునేదంట.

ఉత్తరాల మీద అక్కడక్కడ ఎర్ర సిరా ఉంది. అయ్యవారు శిష్యుడి తప్పులు దిద్దినాడు! ‘యుద్దం’ అని ఉంటే ధకు ఒత్తు సరి చేసినాడు. ‘శెలవు’ కొట్టి ‘సెలవు’ అని రాసినాడు. మా తెలుగు టీచరు గుర్తొచ్చి నాకు నవ్వు ఆగలేదు.

మూడో ఉత్తరం 1974 సెప్టెంబరుది. బావి, ఆవు, అన్న చెల్లించాల్సిన పన్ను అన్నీ అయినాయి. తర్వాత నాలుగు వరుసలు చిన్న అక్షరాలతో ఉన్నాయి. నేను చదువుతా పోయినాను. “రికార్డులో నీ పేరు రాయాలని ఆఫీసులో అడిగినారు. నాకు నేను పిలిచే పేరే నోట వచ్చినది. అదే రాసుకున్నారు. ఇది ఇంటి పేరు కదా, మారుస్తావా అని హవల్దారు అడిగితే వద్దంటిని. ఇక్కడ రాత్రి డ్యూటీలో నీవు గ్యాపకం వస్తావు. నా కాగితంలో అయినా ఆ పేరు ఉండనీ.”

అవ్వ కళ్ళు తెరిచింది. “ఇది అయ్యవారు చదవలే” అంది.

మళ్ళీ చదివించుకుంది. “లేదు. ఇది చదవలే. ఆవు ఈనిందా, పన్ను కట్టినారా, అంతే, క్షేమమంట అనె.” నేను కవరు దీపం దగ్గర పెట్టి చూసినాను. ఆ వరుసలో ‘గ్యాపకం’ చుట్టూ ఎర్ర సున్నా ఉంది, పైన ‘జ్ఞాపకం’ అని దిద్ది ఉంది. అయ్యవారు చూడక కాదు. చూసినాడు, తప్పు కూడా దిద్దినాడు, పరాయి ఇంటి కోడలి ముందు, అరుగు మీద, వీధిలో పోయేవాళ్ళు వింటుంటే అది చదవడానికి ఆయనకు నోరు రాలేదు. అవ్వ మొదట నవ్వింది. తర్వాత కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

అట్లాంటి వరుసలు చాలా ఉన్నాయి. ఎర్ర సిరా ఉన్నవి, అవ్వ విననివి. తాత తిరిగొచ్చినాక ఆ ఉత్తరాలు ఎవరూ తీయలేదు. ఆయనేమో అవ్వ అన్నీ విని ఉంటుందనుకున్నాడు. అవ్వ ఏమో, మనిషే ఇంటికి వచ్చినాక ఉత్తరం ఎందుకు అనుకుంది. పదిహేడేళ్ళు ఆయన మాట్లాడినాడు, ఈమెకు ఆవు గురించి మాత్రమే అందింది.

1985 జూన్ ఉత్తరం కూడా దొరికింది. మిలిటరీ మామ సంగతి జరిగిన లీవు తర్వాతది. “పాప నన్ను మామ అనినది. అందరూ నవ్వినారు, నేనూ నవ్వితిని. రైల్లో కాట్పాడి దాటినాక నవ్వలేకపోతిని. పాపను కొట్టవద్దు. నా ఫోటో దేవుని పటాల దగ్గర పెట్టవద్దు, పాప ఎత్తుకు అందేటట్టు గోడకు కింద పెట్టు. రోజూ చూపించు. దానికి తల దువ్వేటప్పుడు చూపించు.” అయ్యవారు ఫోటో సంగతి మాత్రం చదివినట్టున్నాడు. ఎందుకంటే అమ్మకు ఆ ఫోటో గుర్తుంది. వంటింటి గోడకు మూరెడు ఎత్తులో ఎందుకు ఉండేదో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు.

అమ్మ లేచి పోయి వంటింట్లో గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. అవి అంతకుముందే కడిగినవి. కొంచెం సేపటికి తడిచేతులతో వచ్చి, “ఇంకోసారి చదువు” అంది. చదివినాను. మరుసటి రోజు పొద్దున ఫోటోకు పువ్వు ఆమే పెట్టింది. ఫోటోను కూడా మేకు తీసి, కిందికి, నా భుజం ఎత్తుకు కొట్టించింది. చూసినవాళ్ళు అంత కింద పెట్టినారేమని అడుగుతారు. మేము చెప్పము.

చుట్టాల గుసగుసలు ఆ ఉత్తరంతో ఆగినాయి. పెద్ద మామయ్య ఆ నాలుగు వరుసలు నా చేత మూడుసార్లు చదివించుకుని వాళ్ళందరికీ ఫోన్ చేసినాడు. ఆఫీసుకు మాత్రం ఉత్తరం పనికిరాదు. రెండు పేర్లూ ఒకే మనిషివని తాసిల్దారు సర్టిఫికెట్ కావాలి, నోటరీ అఫిడవిట్ కావాలి, సాక్షులు కావాలి. రెండు కర్రల తాత సాక్షిగా వచ్చినాడు. ఎనిమిది నెలలు తిరిగినాము. పెన్షన్ ఆర్డరులో ఇప్పుడు అవ్వకు రెండు పేర్లు ఉన్నాయి, మధ్యలో అలియాస్ అని. ఆ పేరు ఏమిటో ఇక్కడ రాయవద్దని అవ్వ నాతో ఒట్టు పెట్టించుకుంది.

పెన్షన్ తీసుకునేవాళ్ళు ఏడాదికి ఒకసారి నవంబరులో బతికే ఉన్నామని చూపించాలి. తాత ఉన్నప్పుడు షేవింగ్ చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, “బతికే ఉండానని చెప్పొస్తా” అని పోయేవాడు. పోయిన నవంబరులో అవ్వను నేను తీసుకుపోయినాను. చాలా ఏళ్ళు అగ్గిపెట్టెలు అతికించి అవ్వ బొటనవేలి గీతలు అరిగిపోయినాయి. మిషన్ మూడుసార్లు వద్దంది. కంటిని చూసే మిషన్ తెస్తాము, కూర్చోండి అన్నారు. బెంచీ మీద కూర్చున్నాము. కొంచెం సేపటికి కౌంటర్లో కొత్తగా వచ్చిన అమ్మాయి కాగితం చూసి, రెండు పేర్లలో చిన్నదాన్ని తీసుకుని గట్టిగా పిలిచింది.

అవ్వ ఉలిక్కిపడింది. చుట్టూ చూసింది. తర్వాత కొంగు సర్దుకుని, “ఆఁ, వస్తా ఉండా” అని లేచింది.